వెయిటింగ్ లిస్టులో ఉన్నారంటారు, ఎన్నో నంబరో మాత్రం చెప్పరు

చిత్తూరు_అమ్మాయి
మాది చిత్తూరు. తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేశాను. ఎండాకాలంలో ఒక కేంద్ర సంస్థకి పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి పోయినాను. పేరు ఇక్కడ రాయను, ఇంకా ఆ సీటు మీద ఆశ ఉంది. ఇంటర్వ్యూ బాగానే జరిగింది. ప్యానెల్‌లో ఒక మేడమ్ నా ప్రాజెక్టు గురించి చాలాసేపు అడిగారు. తర్వాత వచ్చిన మెయిల్ మొత్తం రెండు ముక్కలు: "మీరు వెయిటింగ్ లిస్టులో ఉన్నారు. ఖాళీలను బట్టి తెలియజేయబడును."

ఎన్నో నంబరు, ఏ కేటగిరీ లిస్టు, ఎప్పటిదాకా చూడాలి, ఏమీ లేదు. ఆఫీసుకి ఫోన్ చేస్తే "వెబ్‌సైట్ చూస్తా ఉండమ్మా" అంటారు. వెబ్‌సైట్‌లో సెలెక్ట్ అయినవాళ్ళ అప్లికేషన్ నంబర్లు పెట్టారు, వెయిటింగ్ లిస్టు ఎక్కడా లేదు. నాతో పాటు ఇంటర్వ్యూకి వచ్చిన ఒకబ్బాయి తనదీ వెయిటింగే అన్నాడు, పోయిన వారం చేరిపోయినాడు. అతని మీద నాకు కోపం లేదు. నాకంటే ముందున్నాడని తెలిసుంటే ఆ రోజే మనసు కుదుటపడేది.

ఇంకోచోట యూనివర్సిటీలో సీటు వచ్చింది. శుక్రవారం లోపు ఫీజు కట్టాలి. నాన్న రోజూ సాయంత్రం "ఏమన్నా తెలిసిందా?" అంటారు. ఏం చెప్పాలి? లిస్టు బయట పెట్టకుండా ఉండే హక్కు వాళ్ళకి నిజంగా ఉందా? గట్టిగా అడిగితే ఉన్న అవకాశం కూడా పోతుందా?

యేర్పేడు_బస్సు
చెల్లెమ్మా, ముందు ఆ ఫీజు కట్టేయ్. చేతిలో ఉన్న సీటు వదులుకోవద్దు. మిగతాది తర్వాత కొట్లాడదాం.

నగరి_మగ్గం
అంతా పైరవీ. లిస్టు పెట్టట్లేదంటేనే అర్థం చేసుకోవాల. ఎవరి మనిషికి సీటు కావాల్నో ముందే రాసిపెట్టుకుంటారు.

ఫిజిక్స్_పలమనేరు
ఆధారం లేకుండా అట్ల అనొద్దన్నా. ఆ అబ్బాయి చదువుకుని వచ్చినోడే అయ్యుండొచ్చు కదా.

నగరి_మగ్గం
ఆధారం ఎట్లా దొరుకుతుంది తమ్ముడూ? దాచిపెట్టింది వాళ్ళు, ఆధారం తెమ్మనేది మమ్మల్నా?

ఫిజిక్స్_పలమనేరు
అది నిజమే. కానీ ఎంటెక్ వాళ్ళని చూడు. ఎన్‌ఐటీలకి సీసీఎంటీ అనే ఉమ్మడి కౌన్సెలింగ్‌లో ప్రతి రౌండ్ తర్వాత ఓపెనింగ్, క్లోజింగ్ గేట్ (ఎంటెక్ ఎంట్రన్స్) స్కోర్లు బయట పెడతారు. ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీలో చివరి సీటు ఎంత స్కోరుకి పోయిందో ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఐఐటీల ఆఫర్లకి కోప్ అని ఒకే పోర్టల్ ఉంది. ఒప్పుకుని ఆగిపోతావా, ఉన్నది పట్టుకుని తర్వాతి రౌండ్ చూస్తావా, వద్దని వేచి ఉంటావా, ఏదో ఒకటి గడువు లోపల చెప్పాల. మా అన్న దాంట్లోనే తెచ్చుకున్నాడు. టెన్షన్ ఉండింది గానీ ఎక్కడ నిలబడ్డాడో తెలుస్తా ఉండింది. అది ఎంటెక్‌కి కుదిరినప్పుడు పీహెచ్‌డీకి ఎందుకు కుదరదు?

పాత_గైడు
రిటైరయ్యాను. చాలా ఏళ్ళు పీహెచ్‌డీ అడ్మిషన్ కమిటీలలో కూర్చున్నాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెబుతాను.

ఎంటెక్‌కి ఎక్కువ చోట్ల గేట్ స్కోరు ఒక్కటే కొలత. పీహెచ్‌డీకి ఇంటర్వ్యూ ఉంది, పరిశోధన చేయించే గైడు ఉన్నాడు, నెలనెలా ఇచ్చే ఫెలోషిప్ ఉంది. ఆర్గానిక్ ల్యాబ్‌లో ఒకరు మానేస్తే ఆ ఖాళీకి ఫిజికల్ కెమిస్ట్రీ వాళ్ళని తీసుకోలేం. కేంద్ర సంస్థలైన సీఎస్‌ఐఆర్ గానీ యూజీసీ గానీ ఇచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉన్నవాళ్ళు తమ ఫెలోషిప్ తామే తెచ్చుకుంటారు. 2023 జనవరి నుంచి అది నెలకి 37,000 రూపాయలు. జేఆర్‌ఎఫ్ లేనివాళ్ళకి సంస్థే ఇవ్వాలి, ఆ ఫెలోషిప్‌లకి లెక్క ఉంటుంది. కాబట్టి వరుసలో వెనక ఉన్న జేఆర్‌ఎఫ్ అభ్యర్థి ముందు చేరడం అన్యాయం కాకపోవచ్చు. అమ్మాయి చెప్పిన ఆ అబ్బాయి విషయంలో ఇదే జరిగి ఉండొచ్చు.

అయితే ఒక మాట గట్టిగా చెప్తాను. ఇంటర్వ్యూలు అయిన సాయంత్రమే ప్యానెల్ అందరూ మార్కుల షీటు మీద సంతకాలు పెట్టి కవరు అంటించి ఆఫీసుకి ఇస్తారు. వరుస ఆ రోజే తేలిపోతుంది. లిస్టు ఇంకా తయారు కాలేదు అనే మాట మా కమిటీలలో ఎన్నడూ నిజం కాదు. బయట పెట్టకపోవడానికి అసలు కారణం ఫోన్లు. లిస్టు పెడితే "మూడో నంబరు మావాడే, కొంచెం చూడండి" అని మొదలవుతాయి. కోర్టుకి పోతారని ఇంకో భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది, దాన్ని ఒప్పుకోను. పిల్లలు నెలల తరబడి గాలిలో వేలాడుతుంటే ఆఫీసు ప్రశాంతంగా ఉండటం గొప్ప కాదు.

మంగళం_మెస్
సార్ చెప్పింది విన్నాక ఆ కవరు అంటించే జిగురు మీద కోపం వస్తా ఉంది 😀

రేణిగుంట_జంక్షన్
మాది రైల్వే కుటుంబం. టికెట్టు వెయిటింగ్‌లో ఉంటే ఏ లిస్టో కూడా రాస్తారు. జీఎన్‌డబ్ల్యూఎల్ (జనరల్ వెయిటింగ్) 30 ఉన్నా కన్ఫర్మ్ కావచ్చు, పీక్యూడబ్ల్యూఎల్ (పూల్డ్ కోటా వెయిటింగ్) 8 ఉన్నా కాకపోవచ్చు. కోటాని బట్టి లిస్టు వేరు. చదువు రాని ముసలాయన కూడా టీసీని అడిగి తెలుసుకుంటాడు. పాత గైడు సార్ చెప్పిన ల్యాబు, ఫెలోషిప్ చిక్కులన్నీ అట్లే లిస్టు పక్కన రెండక్షరాల్లో రాయొచ్చు. కష్టమేముంది?

బాలాజీ_కాలనీ_రూమ్
నేనొకటి అడుగుతా, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. నాకంటే తక్కువ స్కోరు ఉన్నవాళ్ళు వెయిటింగ్‌లోంచి లోపలికి పోతున్నారు. కేటగిరీ వల్లనే కదా? జనరల్‌లో ఉన్నవాడు ఎంత చదివినా ఇంతేనా?

సత్యవేడు_స్కాలర్
తప్పుగా అనుకోను, కానీ జవాబు పూర్తిగా విను.

కేంద్ర సంస్థల్లో ఎస్సీలకి 15 శాతం, ఎస్టీలకి 7.5, ఓబీసీలకి 27, ఈడబ్ల్యూఎస్‌కి 10. ప్రతిదానికీ వెయిటింగ్ లిస్టు వేరు. ఎస్సీ సీటు ఖాళీ అయితే ఎస్సీ లిస్టులో తర్వాతి మనిషికి పోతుంది. అది నీ లిస్టులోది కాదు కాబట్టి నీ ముందు నుంచి ఎవరూ దూరలేదు. ఏ సడలింపూ వాడకుండా జనరల్ కటాఫ్ దాటిన ఎస్సీ అభ్యర్థిని జనరల్‌లోనే లెక్కిస్తారు, ఎస్సీ సీటు ఇంకొకరికి మిగులుతుంది. ఇవన్నీ రూల్సు, ఎవరి దయా కాదు.

ఇప్పుడు నా సంగతి. నేను ఎస్సీని. జనరల్ మెరిట్‌లో వచ్చాను. మా డిపార్ట్‌మెంట్ లిస్టులో కేటగిరీ ఏదీ రాయలేదు, సెలెక్టెడ్ అని పేర్లు మాత్రం పెట్టారు. చేరిన మొదటి నెలలోనే మెస్‌లో నా వెనక "కోటా సీటు" అన్నారు. నా మార్కులు ఎవరికీ తెలియవు, నా కులం మాత్రం అందరికీ తెలుసు. లిస్టు దాచిపెడితే నష్టం జనరల్ వాళ్ళకే అనుకుంటారు. కనపడని లిస్టు వల్ల పడే నింద ముందు మా మీదే పడుతుంది. ఏ లిస్టులో, ఏ స్కోరుతో, ఏ నంబరులో వచ్చానో బోర్డు మీద ఉండాలని అందరికంటే ఎక్కువ కోరుకునేది నేను.

బాలాజీ_కాలనీ_రూమ్
లిస్టులు వేరువేరుగా కదులుతాయని నాకెవరూ ఇంత వివరంగా చెప్పలేదన్నా. థ్యాంక్స్.

చిత్తూరు_అమ్మాయి
సత్యవేడు అన్నా, మీ పోస్టు మా అమ్మకి చదివి వినిపించాను. నేను ఓబీసీ. నన్ను ఏ లిస్టులో పెట్టారో కూడా నాకు తెలియదు.

పుత్తూరు_టు_డాలస్
ఇక్కడి సంగతి కూడా చెబుతా, అమెరికాలో అన్నీ తెరిచి పెడతారని కొందరు అనుకుంటారు. కాదు. గ్రాడ్యుయేట్ స్కూళ్ళలో వెయిట్‌లిస్ట్ చాలా చోట్ల వరుస నంబర్లతో ఉండదు. సబ్జెక్టు వారీగా పెట్టుకుంటారు. ఫిజిక్స్‌లో కండెన్స్‌డ్ మ్యాటర్ వైపు వస్తానన్న విద్యార్థి వద్దంటే, వెయిటింగ్‌లో ఆ వైపున్న వాళ్ళనే పిలుస్తారు. నువ్వు ఎన్నో మనిషివని అడిగితే "మాకు ర్యాంకింగ్ లేదు" అని మర్యాదగా రాస్తారు. రిజెక్టయిన వాళ్ళకి ఫైల్ చూసే హక్కు కూడా లేదు. విద్యార్థుల రికార్డుల మీద ఫెర్పా అని 1974 నాటి చట్టం ఉంది గానీ అది ఆ యూనివర్సిటీలో చేరిన విద్యార్థులకే.

కానీ ఒకటి మాత్రం మంచిది ఉంది, తేదీ. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ వాళ్ళ ఏప్రిల్ 15 తీర్మానం. దాని మీద సంతకం పెట్టిన యూనివర్సిటీలు ఫెలోషిప్, అసిస్టెంట్‌షిప్ ఆఫర్లకి ఏప్రిల్ 15 కంటే ముందే జవాబు చెప్పమని విద్యార్థిని ఒత్తిడి చేయకూడదు. కాబట్టి ఆ తేదీకి అటూ ఇటూ వెయిట్‌లిస్టులు ఒక్కసారిగా కదులుతాయి. నాకు ఆఫర్ ఆ రోజుల్లోనే వచ్చింది. తర్వాత ఐ-20 (వీసాకి కావాల్సిన యూనివర్సిటీ పత్రం), చెన్నైలో వీసా స్లాట్, బ్యాంకు లోన్, అన్నిటికీ పరుగులే. అయినా ఏప్రిల్ దాటితే ఇంక రావడం కష్టమని ముందే తెలుసు, మనసుకి ఒక హద్దు ఉండింది. మన దగ్గర సంస్థకొక తేదీ, కొన్నిచోట్ల ఆ తేదీ కూడా లేదు. నంబరు లేకపోయినా ఓర్చుకోవచ్చు. తేదీ లేకపోతే మనిషి బతుకు ఆగిపోతుంది.

లీలామహల్_సర్కిల్
నంబరు లేకపోయినా ఓర్చుకోవచ్చనే మాట నేను ఒప్పుకోను. అక్కడ ప్రైవేటు యూనివర్సిటీలు ఉంటాయి, వాళ్ళిష్టం. ఇక్కడ మన పన్నుల డబ్బుతో నడిచే సంస్థ. రెండూ కావాలి.

పుత్తూరు_టు_డాలస్
ఇక్కడ స్టేట్ యూనివర్సిటీలు కూడా అట్లే చేస్తాయి బాసూ. అయినా నువ్వన్నది సరే, రెండూ అడగండి.

కాణిపాకం_ఆర్టీఐ
హక్కు ఉందా అని అడిగావు కదమ్మా. ఉంది. సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ), 2005. సెక్షన్ 4(1)(డి) ప్రకారం పాలనాపరమైన నిర్ణయం వల్ల ఎవరికి నష్టమో వాళ్ళకి ఆ సంస్థ కారణాలు చెప్పాలి. నువ్వు ఆ నష్టపడిన మనిషివే. కేంద్ర సంస్థ కాబట్టి ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో పెట్టొచ్చు. ఫీజు 10 రూపాయలు. ఎందుకు అడుగుతున్నావో చెప్పాల్సిన పని లేదు, సెక్షన్ 6(2). జవాబుకి 30 రోజులు. రాకపోతే, వచ్చింది నచ్చకపోతే, 30 రోజుల లోపల మొదటి అప్పీలు అదే సంస్థలో. ఆ తర్వాత 90 రోజుల లోపల కేంద్ర సమాచార కమిషన్.

ఒక జాగ్రత్త. "ఫలానా అబ్బాయి మార్కులు ఇవ్వండి" అని అడగొద్దు. వ్యక్తిగత సమాచారం అని 8(1)(జె) చూపించి తిప్పి కొడతారు. 2023 డేటా రక్షణ చట్టం ఆ క్లాజును సవరించింది, కాబట్టి ఆ తలుపు ఇంకా బిగుసుకుంది. నీ సొంత మార్కులు అడుగు. పేర్లు లేకుండా కేటగిరీ వారీ కటాఫ్‌లు అడుగు. రాతపరీక్ష ఉంటే నీ జవాబు పత్రం చూసే హక్కు కూడా ఉంది, 2011లో సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది.

నగరి_మగ్గం
ముప్పై రోజులకి సీటు పోతుంది, అప్పీలుకి ఏడాది పోతుంది. న్యాయం దొరికేసరికి పిల్లకి పెళ్ళయిపోతుంది.

కాణిపాకం_ఆర్టీఐ
పెళ్ళయినా పీహెచ్‌డీ చేయొచ్చులే అన్నా. ఆర్టీఐ ఈ ఏడాది సీటు కోసమే అనుకోవద్దు. వచ్చే ఏడాది వచ్చే పిల్లలకి ఆ కాగితం పనికొస్తుంది.

పాత_గైడు
ఆర్టీఐకి ముందు ఒక మర్యాదైన మెయిల్ రాయమ్మా. డీన్‌కి కాదు, అడ్మిషన్ సెక్షన్‌కి రాసి, డిపార్ట్‌మెంట్ కోఆర్డినేటర్‌కి కాపీ పెట్టు. "నాకు సీటు ఇవ్వండి" అని ఒక్క ముక్క కూడా రాయొద్దు. నా లిస్టు ఏది, నంబరు ఎంత, ఏ తేదీ దాకా అమల్లో ఉంటుంది, ఈ మూడే అడుగు. ఇంకోచోట ఫీజు గడువు ఉందని రాయి. అడిగినందుకు ఎవరూ పేరు కొట్టేయరు. ముందే సంతకాలు పడిన షీటులో ఎవరి వరుసా మారదు.

తిరుచానూరు_తోట
సార్, మారదని మీరంటున్నారు. మా అక్క విషయంలో బోర్డు మీద పెట్టిన లిస్టే మారింది. ఒక యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్‌లో అద్దాల పెట్టెలో అంటించారు. నాలుగో నంబరు మీద వైట్నర్ పూసి, పైన పెన్నుతో వేరే హాల్‌టికెట్ నంబరు రాశారు. పక్కన సంతకం లేదు, తేదీ లేదు. రెండో పేజీని మొదటి పేజీ కిందే పిన్ను కొట్టారు, చదవాలంటే తాళం తీయించాల. అటెండరు పాపం తీసి చూపించినాడు. అక్క ఫోటో తీసుకుని హెడ్ దగ్గరికి పోతే "టైపింగ్ మిస్టేక్ సరిచేశాం" అన్నారు. నిజంగా టైపింగ్ మిస్టేకే కావచ్చు. అట్లయితే ఎవరు సరిచేసినారో సంతకం పెట్టడానికి ఏం బాధ?

పాత_గైడు
అది తప్పే. సంతకం, తేదీ, కారణం లేని దిద్దుబాటు చెల్లకూడదు. ఆ ఫోటో జాగ్రత్తగా పెట్టుకోమను.

ఫిజిక్స్_పలమనేరు
స్టేట్ యూనివర్సిటీల వాళ్ళు యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు ఒకసారి చూడండి. యూనివర్సిటీ తన సొంత ఎంట్రన్స్ పెడితే రాతపరీక్షకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం. ఎన్ని సీట్లో ముందే ప్రకటించాల. ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 దాటకూడదు. 2024 జూన్ నుంచి నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో క్వాలిఫై అయినవాళ్ళకి మూడు కేటగిరీలు వచ్చాయి, జేఆర్‌ఎఫ్ లేని రెండు కేటగిరీలకి నెట్ మార్కులకి 70, ఇంటర్వ్యూకి 30. ఐఐటీలు, ఐసర్లు (కేంద్ర సైన్స్ విద్యా సంస్థలు) దీని కిందికి రావు, వాటికి వేరే చట్టాలు, సొంత సెనేట్లు. ఆర్టీఐ మాత్రం అందరికీ వర్తిస్తుంది.

యేర్పేడు_బస్సు
ఇందులో మన తప్పు కూడా మాట్లాడదాం. మూడు చోట్ల ఆఫర్ ఒప్పుకుని, చేరాల్సిన రోజు దాకా ఒక్కచోట కూడా వద్దని చెప్పనివాళ్ళు ఉన్నారు. నా రూమ్మేటే ఒకడు. "ఏమో, ఏది బాగుంటుందో" అని అన్నీ పట్టుకున్నాడు. వాడు వదలని రెండు సీట్ల వెనక ఇట్లాంటి అమ్మాయిలే కూర్చుని ఉంటారు. లిస్టు కదలకపోవడానికి ఆఫీసు ఒక్కటే కారణం కాదు.

లీలామహల్_సర్కిల్
వాళ్ళు ఎందుకు పట్టుకుంటారు? ఎక్కడా తేదీ, నంబరు చెప్పరు కాబట్టే. ఒక్కచోట నమ్మకంగా చెబితే మిగతావి వదిలేస్తారు. పిల్లల మీదకి తోయొద్దు.

యేర్పేడు_బస్సు
తోయట్లేదు. చేరనని తేలిపోయాక ఒక మెయిల్ కొట్టడానికి ఏ నమ్మకం కావాల?

సత్యవేడు_స్కాలర్
ఈ ఒక్క విషయంలో బస్సు అన్నతో నేనున్నా. వదులుకునేది ఏదో తేలిన రోజే చెప్పేయాలి.

చిత్తూరు_అమ్మాయి
పాత గైడు సార్ చెప్పినట్టే మెయిల్ పెట్టాను. కాపీ కోఆర్డినేటర్‌కి. రెండు రోజులు ఏమీ లేదు. ఈ రోజు పొద్దున జవాబు వచ్చింది: ఓబీసీ లిస్టు, ఇనార్గానిక్, రెండో నంబరు. సంస్థ ఫెలోషిప్ ఖాళీ అయితేనే పిలుస్తారు, ఆగస్టు చివరి దాకా లిస్టు అమల్లో ఉంటుంది. ఆ అబ్బాయికి జేఆర్‌ఎఫ్ ఉందంట, అతన్నే అడిగాను, చెప్పినాడు. సార్ ఊహించిందే.

ఈ నాలుగు ముక్కలు మొదటి మెయిల్‌లోనే రాసుంటే ఇన్ని రాత్రులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేకుండా పోయేది కాదు. శుక్రవారం యూనివర్సిటీ ఫీజు కట్టేస్తున్నాను. తర్వాత ఆ కేంద్ర సంస్థ నుంచి పిలుపు వస్తే ఈ డబ్బు పోతుందా?

కాణిపాకం_ఆర్టీఐ
యూజీసీ కింద ఉన్న యూనివర్సిటీ అయితే ఫీజు వాపసుకి ఏటేటా తేదీలు ఇస్తారు. 2024-25కి సెప్టెంబర్ 30 దాకా మానేస్తే మొత్తం వెనక్కి, అక్టోబర్ 31 దాకా అయితే 1,000 రూపాయలకి మించి పట్టుకోకూడదు అన్నారు. నీ ఏడాది సర్క్యులర్ తీసి చూసుకో. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇచ్చేసి రావొద్దు. చూసి తిరిగి ఇచ్చేయాలని, తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.

మంగళం_మెస్
రెండో నంబరు అంటే దగ్గరే. ముందున్న ఆ ఒక్క మనిషికి ఎక్కడో మంచి సీటు రావాలని కొండకి మొక్కుకుంటా.

చిత్తూరు_అమ్మాయి
వాళ్ళకీ మంచి జరగాలి అన్నా. 🙏

నాకు జవాబు వచ్చింది కదా అని ఆగట్లేదు. నాకు చెప్పినారు, మిగతావాళ్ళకి చెప్పలేదు. ఆ లిస్టులో ఇంకా ఎంతమంది ఫోన్ పట్టుకుని కూర్చున్నారో. అందుకే ఆర్టీఐ కూడా పెడుతున్నాను. ఇవి అడుగుతున్నా, చూసి చెప్పండి: నా ఇంటర్వ్యూ మార్కులు. ప్రతి కేటగిరీలో, ప్రతి సబ్జెక్టులో వెయిటింగ్ లిస్టులో ఎంతమంది, పిలుపు వచ్చిన చివరి నంబరు. సంస్థ ఫెలోషిప్‌లు ఈ ఏడాది ఎన్ని, ఎన్ని నిండాయి. వెయిటింగ్ లిస్టును వెబ్‌సైట్‌లో అప్లికేషన్ నంబర్లతో పెట్టకూడదని ఏదైనా తీర్మానం ఉంటే దాని కాపీ.

తిరుచానూరు_తోట
చివరిది అదిరింది అక్కా. అట్లాంటి తీర్మానం ఉండదు, లేదని రాతపూర్వకంగా వాళ్ళే చెప్పాల్సి వస్తుంది.

కాణిపాకం_ఆర్టీఐ
బాగుంది. "ఈ ఏడాది" అని రాయొద్దు, విద్యా సంవత్సరం అంకెల్లో రాయి, లేకపోతే స్పష్టత లేదని అదే సాకు చెబుతారు. మార్కులకి నీ అప్లికేషన్ నంబరు, ఇంటర్వ్యూ తేదీ రాయి. 10 రూపాయలు కట్టాక వచ్చే రిజిస్ట్రేషన్ నంబరు దాచిపెట్టుకో, అప్పీలుకి అదే కావాలి.

బాలాజీ_కాలనీ_రూమ్
అక్కా, ఆ డ్రాఫ్ట్ నేనూ వాడుకోవచ్చా? నాది ఫిజిక్స్, సంస్థ వేరు, మెయిల్ మాత్రం అచ్చం అదే రెండు ముక్కలు.

చిత్తూరు_అమ్మాయి
వాడుకో తమ్ముడూ. ముందు సార్ చెప్పిన మెయిల్ పెట్టు, కోఆర్డినేటర్‌కి కాపీ మర్చిపోకు. జవాబు వస్తే ఇక్కడే రాయి.